అబద్ధంలో రెండో సగం

మొన్న జనవరిలో మా పెదనాన్నను వెంటబెట్టుకుని గుంటూరు బ్రాడీపేటలో ఒక బ్యాంకుకు వెళ్లాను. కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చింది, అందులో కొంత మ్యూచువల్ ఫండ్‌లో వేద్దామని ఆయన ఆలోచన. ఫారం నింపుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. భారతదేశంలో కాకుండా ఇంకే దేశంలోనైనా పన్ను కట్టాల్సిన నివాసి కింద మీరు ఉన్నారా అని అడుగుతోంది.

"ఇదేందిరా? నేను మద్రాసు దాటి పోయింది లేదు. నాకు వేరే దేశంలో పన్నేంది?" అన్నాడు.

కౌంటర్లో అమ్మాయి, "అందరినీ అడుగుతామండీ, లేదు అని టిక్ పెట్టండి" అంది. పెట్టాడు. స్కూటర్ ఎక్కేటప్పుడు మళ్లీ అదే మాట. "అది కాదురా, ఇంతకీ ఎవరి కోసం అడిగినట్టు?"

చాలా మంచి ప్రశ్న. దారిలో తోచినంత చెప్పాను గానీ, ఆయనకు తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. ఆ టిక్ వెనక ఉన్న కథ పెద్దది. దేశాలు దాటిపోయే దొంగ డబ్బును పట్టుకోవడానికి ప్రపంచం కట్టుకున్న ఏర్పాటులో అదొక చిన్న చీల.

బిల్లు మీద దాటే డబ్బు

విదేశాలకు పోయిన నల్లధనం అనగానే మన కళ్ల ముందు స్విస్ బ్యాంకు లాకరు, నోట్ల కట్టలు నింపిన సూట్‌కేసు కదులుతాయి. ఆ బొమ్మ పూర్తిగా తప్పు కాదు, కానీ అది మన చూపును పక్కకు లాగుతుంది. దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకీ నాయకత్వంలో ఒక ఉన్నత స్థాయి సంఘం ఆఫ్రికా నుంచి అక్రమంగా తరలిపోతున్న డబ్బు మీద 2015లో నివేదిక ఇచ్చింది. ఏటా 5,000 కోట్ల డాలర్లకు పైగా పోతోందని లెక్కగట్టింది. అందులో పెద్ద వాటా లంచాలదీ కాదు, మత్తుమందులదీ కాదు. మామూలు ఎగుమతి దిగుమతుల్లో, కంపెనీల లావాదేవీల్లో పోయేదే ఎక్కువని తేల్చింది.

అదెలాగో పెదనాన్న మిర్చితోనే చెప్తాను. ఆయన తేజ రకం కాయలు యార్డుకు వేశాడనుకుందాం. కమీషన్ ఏజెంటు ద్వారా ఒక ఎగుమతిదారు కొన్నాడు. సరుకు కంటైనర్‌కు ఎక్కి, చెన్నై రేవు నుంచి ఓడలో విదేశానికి పోయింది. కొనేవాడితో అసలు కుదిరిన ధర కంటైనర్‌కు 50 లక్షలు. బిల్లు మాత్రం 40 లక్షలకే రాశారు. కొన్నవాడు 40 లక్షలు గుంటూరు బ్యాంకుకు పంపాడు. మిగిలిన 10 లక్షలు దుబాయిలోనో హాంకాంగ్‌లోనో ఒక కంపెనీ ఖాతాలో వేశాడు. ఆ కంపెనీ మన ఎగుమతిదారుదే, పేరు మాత్రం ఇంకొకరిది.

ఇది ఊహించి చెప్పిన లెక్క. మిర్చి వ్యాపారులు ఇలా చేస్తున్నారని నా ఆరోపణ కాదు. వజ్రాలైనా, ఇనుప ఖనిజమైనా, సాఫ్ట్‌వేరైనా పద్ధతి ఒకటే. మన దగ్గర జీరో దందా అంటే అందరికీ తెలుసు, బిల్లే లేకుండా చేసే వ్యాపారం. ఇది దానికి పూర్తిగా తిరగేసిన పని. ఇక్కడ బిల్లు ఉంటుంది, సీలు ఉంటుంది, సంతకం ఉంటుంది. అంకె ఒక్కటే అబద్ధం.

ఇప్పుడు అసలు విషయం చూడండి. ఎగుమతి చేసిన సరుకు విలువకూ, బ్యాంకుకు వచ్చిన డబ్బుకూ పొంతన ఉందో లేదో చూడటానికి రిజర్వ్ బ్యాంకు 2014 నుంచి ఒక కంప్యూటర్ వ్యవస్థ నడుపుతోంది. కస్టమ్స్ కాగితంలో 40 లక్షలు. బ్యాంకులో 40 లక్షలు. పైసా తేడా లేదు. రెండు కాగితాలూ ఒకే అబద్ధం చెప్తున్నప్పుడు వాటిని ఎన్నిసార్లు పోల్చినా నిజం బయటపడదు. ఆ 10 లక్షల జాడ మన దేశంలో ఎక్కడా లేదు. అది కొన్నవాడి ఖాతా పుస్తకంలో ఉంది, అతను డబ్బు పంపిన బ్యాంకు రికార్డులో ఉంది. అబద్ధంలో సగమే మనకు కనపడుతుంది. రెండో సగం ఇంకో దేశపు అధికారి బల్ల మీద ఉంటుంది, అతనికేమో మొదటి సగం కనపడదు.

అంతర్జాతీయ సహకారం అంటే పెద్ద పెద్ద సదస్సులు, గ్రూప్ ఫోటోలు అనుకుంటాం. నాకు అర్థమైనంతలో అది చాలా సాదా పని. చినిగిన కాగితం రెండు ముక్కలనూ ఒకచోట పెట్టి చూడటం.

హవాలాలోనూ జరిగేది ఇదే, కాకపోతే కాగితం ఇంకా తక్కువ. దుబాయిలో ఒకడు దిర్హాములు ఇస్తాడు. విజయవాడ వన్‌టౌన్‌లో ఇంకొకడు, గుర్తుగా చెప్పిన పది రూపాయల నోటు నంబరు చూసి, రూపాయలు చేతిలో పెడతాడు. డబ్బు సరిహద్దు దాటనే లేదు. ఇద్దరు దళారుల మధ్య బాకీ మాత్రం మిగిలింది. ఆ బాకీ తీరేది చాలాసార్లు బంగారంతోనో, ఇందాక చెప్పిన తప్పుడు బిల్లుతోనో. అందుకే బంగారం మీద దిగుమతి సుంకం హవాలాకూ సంబంధించిన విషయమే. 2024 జులైలో ఆ సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. సుంకం ఎంత ఎక్కువగా ఉంటే దొంగ బంగారంలో లాభం అంత ఎక్కువ.

పోయిన డబ్బు పోయినట్టే ఉండదు, కొంత వేషం మార్చుకుని తిరిగొస్తుంది. మారిషస్‌తో 1982లో చేసుకున్న పన్నుల ఒప్పందం ప్రకారం, అక్కడి కంపెనీ మన షేర్లు అమ్మి లాభం తీస్తే ఆ లాభం మీద మనం పన్ను వేయకూడదు. మారిషస్ కూడా వేయదు. దాంతో ఏళ్ల తరబడి మనకు వచ్చిన విదేశీ పెట్టుబడుల్లో పెద్ద వాటా ఆ చిన్న ద్వీపం నుంచే వచ్చింది. అందులో నిజమైన విదేశీ డబ్బు ఎంత, ఇక్కడి నుంచే పోయి చుట్టు తిరిగి వచ్చింది ఎంత అన్న చర్చ ఎన్నడూ తెగలేదు. 2016లో ఒప్పందాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల మీద లాభానికి ఇక్కడే పన్ను వేసే హక్కు తెచ్చుకున్నాం. అంటే మన చేతులతో మనమే తెరిచిన తలుపు మూయడానికి 34 ఏళ్లు పట్టింది.

మూడు దారులు, మూడు షరతులు

మన చర్చల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒక దేశం ఇంకో దేశానికి సమాచారం ఇచ్చే దారులు మూడున్నాయి. మూడూ వేర్వేరు. ఒక దారిలో వచ్చినదాన్ని ఇంకో పనికి వాడాలంటే మళ్లీ అనుమతి కావాలి.

మొదటిది పన్నుల దారి. పెదనాన్న పెట్టిన టిక్ ఈ దారిలోదే. యూబీఎస్ అనే స్విస్ బ్యాంకు అమెరికన్లకు పన్ను ఎగ్గొట్టడానికి సాయపడిందని తేలి, 2009లో 78 కోట్ల డాలర్లు కట్టి అమెరికాతో రాజీ కుదుర్చుకుంది. మరుసటి ఏడాదే అమెరికా ఒక చట్టం తెచ్చింది. ప్రపంచంలో ఏ బ్యాంకులో అమెరికన్ ఖాతా ఉన్నా మాకు చెప్పాలి, చెప్పకపోతే మా దగ్గర మీకు వచ్చే ఆదాయంలో 30 శాతం కోత పడుతుంది అన్నది దాని సారాంశం. అమెరికాకు ఆ బలం ఉంది కాబట్టి అన్నీ దిగొచ్చాయి. 2015లో మనమూ ఒప్పందం చేసుకున్నాం. అమెరికాకు ఇచ్చేది మాకూ ఇవ్వండి అని మిగతా దేశాలు అడగడంతో 2014లో అందరికీ ఒకే నమూనా తయారైంది. 2017 నుంచి ఏటా దేశాల మధ్య ఖాతాల వివరాలు వాటంతటవే మారుతున్నాయి. 1934 నుంచి బ్యాంకు రహస్యాన్ని చట్టంగా కాపాడిన స్విట్జర్లాండ్ కూడా 2019 సెప్టెంబరులో మొదటిసారి మన వాళ్ల ఖాతాల వివరాలు పంపింది. ఇప్పుడు వందకు పైగా దేశాలు, ప్రాంతాలు ఈ ఏర్పాటులో ఉన్నాయి. మనకు అక్కడి నుంచి రావాలంటే మనమూ ఇక్కడి నుంచి పంపాలి. అందుకే గుంటూరులో మిర్చి రైతుని కూడా ఆ ప్రశ్న అడగక తప్పదు.

ఈ నమూనాలో ఒక పెద్ద బొక్క ఉంది. అందులోకి వచ్చేవి బ్యాంకు ఖాతాలు, షేర్లు, ఫండ్లు లాంటివే. దుబాయిలో ఫ్లాటు కొంటే ఆ ఫ్లాటు ఆ జాబితాలో కనపడదు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు విజయవాడ, గుంటూరులో వీధికి నాలుగు. వాళ్ల కోసం ఒక మాట. విదేశంలో ఖాతా ఉండటం నేరం కాదు. ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా చట్టబద్ధంగానే పంపుకోవచ్చు. అక్కడ ఉద్యోగం చేసి తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు పాత ఖాతా, పాత పింఛను ఫండు రిటర్నులో చూపించడం మర్చిపోతుంటారు. 2015 నల్లధనం చట్టం కింద అలా చూపించకపోతే 10 లక్షల జరిమానా వేయొచ్చు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కానివి మొత్తం 20 లక్షల లోపుంటే ఆ జరిమానా వర్తించదు. టెన్షన్ పడక్కర్లేదు, ఆడిటర్‌తో కూర్చుని ఫారంలో చూపిస్తే సరిపోతుంది.

రెండోది అనుమానాల దారి. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలనూ, తేడాగా కనిపించిన ఏ లావాదేవీనైనా మన బ్యాంకులు ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి చెప్పాలి. ఎఫ్‌ఐయూ అంటారు, 2004లో పెట్టారు. ఇలాంటి విభాగాలు ప్రపంచమంతా ఉన్నాయి. 1995లో బ్రసెల్స్‌లోని ఎగ్మాంట్ అనే భవనంలో కలుసుకుని ఒక బృందంగా ఏర్పడ్డాయి కాబట్టి దాన్ని ఎగ్మాంట్ గ్రూప్ అంటారు. ఈ దారి వేగమైనది. ఫలానా కంపెనీ ఖాతా ఎవరిదని అడిగితే జవాబు త్వరగానే రావచ్చు. కానీ అది ఆచూకీ మాత్రమే. కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కుదరదు.

మూడోది కోర్టు దారి, ముగ్గురిలో నత్త ఇదే. కోర్టులో చెల్లే కాగితం కావాలంటే దర్యాప్తు సంస్థ మన కోర్టు నుంచి అభ్యర్థన లేఖ తీసుకోవాలి, లెటర్ రోగటరీ అంటారు. లేదా పరస్పర న్యాయ సహాయ ఒప్పందం ఉన్న దేశమైతే ఆ పద్ధతిలో అడగాలి. అది కేంద్ర హోంశాఖ మీదుగా అవతలి దేశానికి పోతుంది. అక్కడి భాషలోకి అనువాదం చేయాలి. అక్కడి అధికారులు చూడాలి, ఖాతాదారు వాళ్ల కోర్టుకు వెళ్లి ఇవ్వొద్దని వాదించవచ్చు, ఓడితే పైకోర్టుకు పోవచ్చు. ఈలోపు డబ్బు సంగతి? అది మూడు ఖాతాలు మారడానికి ఒక మధ్యాహ్నం చాలు.

అవినీతి సొమ్ము విషయంలో రెండో, మూడో దారుల మీద ఉన్న పెద్ద గొడుగు ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం. 2003లో ఆమోదం పొందింది, 2005 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. మనం 2011లో ఆమోదించాం. దోచిన సొమ్మును సొంత దేశానికి తిరిగివ్వడం మౌలిక సూత్రం అని అంతర్జాతీయ ఒప్పందంగా రాసుకున్నది అందులోనే. అంతకుముందు అది దయాదాక్షిణ్యాల వ్యవహారం.

పేర్లు తెలిసినా ఎందుకు చెప్పలేదు

టీ కొట్టు దగ్గర ఇప్పటికీ వినపడే ప్రశ్న ఇది. జెనీవాలో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకులో పనిచేసిన ఉద్యోగి ఒకాయన ఖాతాదారుల జాబితా బయటికి తెచ్చాడు. అది ఫ్రాన్స్ చేతికి చేరింది. 2011లో ఫ్రాన్స్ మనకు 628 పేర్లు ఇచ్చింది. 2014 అక్టోబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు సీల్డు కవర్లో ఇచ్చింది ఆ జాబితానే. జనానికి ఎందుకు చెప్పరు అన్న కోపం న్యాయమైనదే. కానీ అది పన్నుల దారిలో వచ్చిన సమాచారం. పన్నుల ఒప్పందాల్లో రహస్య నిబంధన ఉంటుంది. పన్ను లెక్కకట్టేవాళ్లు, ఆ కేసు వినే కోర్టు తప్ప మరొకరికి చెప్పకూడదు. మాట తప్పితే రేపు ఏ దేశమూ ఇంకో పేరు ఇవ్వదు.

స్విట్జర్లాండ్‌నే నేరుగా అడిగితే? అది దొంగిలించిన జాబితా, దాని ఆధారంగా మేం సాయం చేయం అన్నది చాలాకాలం వాళ్ల వాదన. దానికి తోడు రెండు దేశాల్లోనూ నేరమైతేనే సాయం అన్న సూత్రం ఒకటుంది. ఆదాయం చెప్పకుండా దాచడం మనకు నేరం. పాత స్విస్ చట్టంలో అది జరిమానాతో పోయే తప్పు, నేరం కాదు. దొంగ పత్రాలు పుట్టిస్తేనే నేరం. మనకు కుట్రలా కనిపించిన నిరాకరణలో చాలా భాగం ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చింది. ఆ సూత్రం అన్యాయమని నేను అనను. రేపు ఏదో దేశం తన ప్రభుత్వాన్ని విమర్శించిన మనిషి ఖాతా వివరాలు మనల్ని అడిగితే, ఇవ్వం అని చెప్పడానికి పనికొచ్చేది కూడా అదే.

తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఫిలిప్పీన్స్ చెప్తుంది. నియంత మార్కోస్ 1986లో పారిపోగానే స్విట్జర్లాండ్ ఆయన ఖాతాలు స్తంభింపజేసింది. దాదాపు 68 కోట్ల డాలర్లు ఆ దేశానికి దక్కేసరికి 2004 అయింది. ఖాతా తెలుసు, మనిషి తెలుసు, దొంగతనం జగమెరిగినది. అయినా 18 ఏళ్లు. 2009లో ప్రపంచమంతా కలిపి కడిగి తెల్లగా మార్చిన దొంగసొమ్ము 1.6 లక్షల కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని, అందులో జప్తయింది ఒక శాతం కూడా లేదని ఐక్యరాజ్యసమితి నేరాల విభాగం 2011లో అంచనా వేసింది.

మలేసియా కథ మాత్రం వేరే పాఠం నేర్పింది నాకు. 1ఎండీబీ అనే ప్రభుత్వ నిధి నుంచి 450 కోట్ల డాలర్లు దారిమళ్లాయని అమెరికా న్యాయశాఖ లెక్క. ఆ డబ్బు స్విట్జర్లాండ్, సింగపూర్, లగ్జెంబర్గ్, అమెరికా బ్యాంకుల్లోంచి నడిచింది. 2016లో స్విట్జర్లాండ్ తానుగా సాక్ష్యాలు అడిగింది, సొంత డబ్బు పోగొట్టుకున్న మలేసియా ప్రభుత్వమే ఇవ్వనంది. 2018 మేలో అక్కడి ఓటర్లు ప్రభుత్వాన్ని మార్చారు. ఆ తర్వాత కథ పరుగెత్తింది. ఆ డబ్బుతో కొన్న విలాస నౌక మలేసియాకు చేరి 12.6 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అమెరికా 100 కోట్ల డాలర్లకు పైగా తిరిగిచ్చింది. 2020లో మాజీ ప్రధాని నజీబ్ రజాక్‌కు శిక్ష పడింది. చట్టాలు 2016లోనూ అవే, 2018లోనూ అవే. అడిగే ప్రభుత్వం వచ్చింది, అంతే తేడా.

అసలు యజమాని ఎవరు

ఈ దారులన్నీ వచ్చి ఆగిపోయే గోడ ఒకటుంది. ఖాతా ఒక కంపెనీ పేరున ఉంటుంది, ఆ కంపెనీ ఇంకో ద్వీపంలోని కంపెనీది, అది ఒక ట్రస్టుది. మన భాషలో డొల్ల కంపెనీ. బినామీ అనే మాట మనకు కొత్త కాదు కాబట్టి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో బయటపడ్డ పనామా పత్రాలు ఇలాంటి కంపెనీలు పెట్టించే ఒక్క న్యాయవాద సంస్థవే. అందులోనే 1.15 కోట్ల పత్రాలు. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి, కంపెనీ వెనక ఉన్న అసలు మనిషి పేరు నమోదు చేయాలన్న నియమం చాలా దేశాలకు వచ్చింది. మన కంపెనీల చట్టంలో 10 శాతమో అంతకు మించో వాటా ఉంటే చెప్పాలి.

ఇక్కడ నాకు నిజంగా బెంగగా ఉంది. ఈ మధ్య బండి వెనక్కు నడుస్తోంది. యజమానుల వివరాలు ఎవరైనా చూసే వీలుండటం వ్యక్తిగత గోప్యతకు భంగమని 2022 నవంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కొట్టేసింది. అమెరికా 2021లో చట్టం చేసి, 2025 మార్చిలో సొంత దేశపు కంపెనీలను ఆ నియమం నుంచి తప్పించింది. ప్రపంచమంతా తన పౌరుల ఖాతాలు చెప్పి తీరాలన్న దేశం, తన గడ్డ మీది కంపెనీల వెనక ఎవరున్నారో అడగనంటోంది.

మనల్ని మనం కూడా చూసుకోవాలి. మనీలాండరింగ్ మీద ప్రమాణాలు పెట్టే ఎఫ్‌ఏటీఎఫ్ 2024 సెప్టెంబరులో మన మీద నివేదిక ఇచ్చింది. చాలా అంశాల్లో మంచి మార్కులే వేసి, కోర్టుల్లో విచారణలు తెమలడం లేదన్న లోపాన్ని ఎత్తిచూపింది. ఆస్తి జప్తు చేసినా నిందితుడికి శిక్ష పడకపోతే, విదేశీ కోర్టు మన అభ్యర్థనను ఎందుకు గట్టిగా తీసుకుంటుంది?

ఇంకోటి ఉంది. మనం ఎప్పుడూ పోగొట్టుకున్నవాళ్ల వైపు నిలబడి మాట్లాడతాం. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఉండే ఇసుక గనుల అనుమతుల కోసం ఇక్కడి అధికారులకు కనీసం 1.85 కోట్ల డాలర్ల లంచాలకు పథకం వేశారని షికాగోలోని ఫెడరల్ కోర్టులో ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్తాష్ మీద, మరికొందరి మీద అభియోగాలు నమోదయ్యాయి. ఆయన కాదంటున్నాడు. ఆయనను 2014 మార్చిలో అరెస్టు చేసింది వియన్నాలో. 2019లో ఆస్ట్రియా సుప్రీంకోర్టు అప్పగించవచ్చన్నా, కొత్త పిటిషన్లతో అది మళ్లీ ఆగింది. ఇసుక మనది, ఆరోపణ ఇక్కడి లంచం గురించి, కేసు నడిచింది అమెరికాలో. విదేశీ అధికారికి లంచమివ్వడం అమెరికాలో 1977 నుంచీ నేరం కాబట్టి అది సాధ్యమైంది.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. రేపు మన కంపెనీ ఒకటి ఆఫ్రికాలో ఒక మంత్రికి లంచమిచ్చి గని తెచ్చుకుందని అక్కడి అధికారి మనకు ఉత్తరం రాస్తాడు. ఆ అబద్ధంలో రెండో సగం మన బ్యాంకులో, మన ఆడిటర్ లెక్కల్లో ఉంటుంది. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేస్తామని ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో మాటిచ్చాం, దానికోసం 2011లో లోక్‌సభలో బిల్లు పెట్టాం. 2014లో సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది. పదేళ్లు దాటినా దాని స్థానంలో చట్టం రాలేదు.